కృతజ్ఞతలు... నా శ్రీమతికి

వారం రోజులుగా మా భోజనాల బల్ల మీద ఒక ప్రూఫుల కట్ట ఉంది. మావారి థీసిస్ తెలుగులో పుస్తకంగా వస్తోంది. ఆయన డిగ్రీ కాలేజీలో లెక్చరరు. డాక్టరేటు వచ్చి ఆరేళ్లయింది గానీ, పుస్తకం చేసే తీరిక ఇప్పటికి దొరికింది. ప్రూఫులు దిద్దే పని నాకప్పగించారు. కథలు రాసేదాన్ని కదా, అచ్చుతప్పులు నా కంటికి బాగా ఆనుతాయట.

పొద్దుటి పనులయ్యాక, పప్పులో పోపు వేసి వచ్చి, కట్ట విప్పాను. మొదటి పేజీలోనే "కృతజ్ఞతలు" అని ఉంది. గైడుగారికి నాలుగు లైన్లు. ప్రిన్సిపాలుగారికి రెండు లైన్లు. లైబ్రరీ సిబ్బందికి, బైండింగు చేసినవారికి పేరుపేరునా నమస్కారాలు. అన్నిటికన్నా చివర "ఎంతో ఓపికతో సహకరించిన నా శ్రీమతికి" అని ఉంది. అంతే. నా పేరు లేదు. ఒక్క అచ్చుతప్పు కూడా లేదు, అందుకని నేను దిద్దడానికి ఏమీ దొరకలేదు.

ఆ "ఓపిక" ఏమిటో ఒకసారి చెప్పుకోవాలి.

మావారి పరిశోధన పల్లెల్లో వ్యవసాయ కుటుంబాల ఆదాయం మీద. నాలుగు వందల ఇళ్లు తిరిగి ఫారాలు నింపాలి. గుంటూరు చుట్టుపక్కల ఊళ్లకు ఈయన స్కూటరు మీద వెళ్లేవారు. తలుపు చాటున నిలబడి ఆడవాళ్లు "ఆయన పొలం వెళ్లారండీ, సాయంత్రం రండి" అనేవారు. సాయంత్రం వెళ్తే మగవాళ్లు వివరాలన్నీ చెప్పేవారు. "మీ ఆవిడ ఏం పని చేస్తుంది?" అన్న ప్రశ్నకు మాత్రం అందరి దగ్గరా ఒకటే జవాబు. "ఏం చేయదండీ, ఇంట్లోనే ఉంటుంది." ఈయన ఆ గడిలో సున్నా వేసుకుని వచ్చేవారు.

రాత్రి ఆ ఫారాలు సర్దుతూ అన్ని సున్నాలు చూసి నాకు నవ్వొచ్చింది. "ఈ ఆదివారం నేనూ వస్తాను" అన్నాను.

వెళ్లాను. ఇంటి ముందు అరుగు మీద కాకుండా వెనక వాకిట్లోకి వెళ్లి, గేదె పక్కన పీట వేసుకుని కూర్చున్నాను. "నువ్వేం పని చేస్తావమ్మా?" అని అడిగితే ఆమె కూడా "ఏముందమ్మా, ఇంట్లోనే" అంది. ఆ మాట అంటూనే చేత్తో కుడితి కలుపుతోంది! అప్పుడు అడిగే పద్ధతి మార్చాను. "పొద్దున్నే లేవగానే మొదట ఏం చేస్తావు? ఆ తర్వాత? ఆ తర్వాత?" అని అడుగుతూ పోయాను. గేదెకు గడ్డి వేయడం, పాలు పితకడం, పాలకేంద్రానికి మోసుకెళ్లడం, పిడకలు కొట్టడం, మిరపకోతలప్పుడు కూలికి వెళ్లడం, కల్లంలో తాలుకాయలు ఏరడం, కోతలయ్యాక ముచ్చికలు తీసే పనికి వెళ్లడం... అలా సాగింది జాబితా. పాలడబ్బులు పదిహేను రోజులకోసారి ఆమె చేతికే వస్తున్నాయి. ఇంట్లో ఉప్పూ పప్పూ వాటితోనే వస్తున్నాయి. ఇక ఆ గడిలో సున్నా ఎలా వేస్తాం?

మొత్తం 400 ఫారాల్లో 212 నేను నింపినవి. పిల్లవాణ్ణి మా అమ్మ దగ్గర వదిలి ఎన్ని ఆదివారాలు తిరిగానో. ఆ తర్వాత అంకెలన్నీ కంప్యూటర్లోకి ఎక్కించిందీ నేనే. వైవా రోజున బయటినుంచి వచ్చిన ప్రొఫెసరుగారు, రోజువారీ పనుల్ని వరసగా అడిగించిన ఆ ప్రశ్నను ప్రత్యేకంగా మెచ్చుకున్నారట. మావారు పొంగిపోతూ ఇంటికొచ్చి చెప్పారు. నేనూ పొంగిపోయాను. సేమ్యా పాయసం చేశాను. ఆ రోజు నాకు వేరే ఏమీ తోచలేదు మరి.

ఇదంతా మావారి మీద చాడీలు చెప్పడానికి రాయడం లేదు. ఆయన మంచివారే, నన్ను ఏ రోజూ పల్లెత్తు మాట అన్నవారు కాదు. అసలు కథ అక్కడే ఉంది. మంచివారు, చదువుకున్నవారు, అందులోనూ సమాజాన్ని చదవడమే వృత్తిగా పెట్టుకున్నవారు కూడా ఈ ఒక్క లైనుతో సరిపెట్టేస్తారు, అందులో వాళ్లకి వింతేమీ కనిపించదు. 2017లో అమెరికాలో వర్జీనియా యూనివర్సిటీ ఇంగ్లీషు ప్రొఫెసరు బ్రూస్ హోల్సింగర్ పాత పరిశోధన గ్రంథాల్లోని కృతజ్ఞతల పేజీలు వెతికి ట్విట్టరులో పెట్టడం మొదలుపెట్టారు. "థాంక్స్ ఫర్ టైపింగ్" అని దానికో పేరు పెట్టారు. టైపు చేసిన భార్య, రాతప్రతి మొత్తం సవరించిన భార్య, పాత పత్రాలు వెతికి నకళ్లు రాసిన భార్య... చాలా చోట్ల ఆవిడ "నా భార్య" మాత్రమే, పేరు ఉండదు. దేశదేశాల నుంచి జనం తమ అలమరల్లోని పుస్తకాలు తీసి అలాంటి పేజీలు పంపించారు. మీ ఇంట్లో కూడా ఎవరిదైనా థీసిస్ ఉంటే ఒకసారి తీసి చూడండి. తెలుగువాళ్లం ఈ విషయంలో ఎవరికీ తీసిపోము.

ఒక పేరు రాయకపోతే కొంపలేం మునుగుతాయి అనొచ్చు. నేనూ చాలాకాలం అలాగే అనుకున్నాను. కానీ పేరు లేకపోవడానికీ, ఫారంలో ఆ సున్నాకీ చుట్టరికం ఉంది. ఇంట్లో జరిగేది పని కాదు అనుకున్న కంటికే, ఇంట్లోంచి వచ్చిన ఆలోచన చదువు కాదనిపిస్తుంది.

ఇంగ్లండులో ఆన్ ఓక్లీ అనే ఆవిడ పరిశోధనకు ఏ విషయం తీసుకున్నారో తెలుసా? ఇంటిపని! అప్పటికి ఆవిడ ఇద్దరు చిన్నపిల్లల తల్లి. సమాజశాస్త్రంలో ఫ్యాక్టరీ పని మీద పుస్తకాలు గుట్టలుగా ఉన్నాయి, అంట్లు తోమడం, బట్టలుతకడం గురించి మాత్రం ఏమీ లేదు. ఆవిడ లండన్‌లో నలభై మంది గృహిణులతో మాట్లాడి, ఫ్యాక్టరీ కార్మికుల్ని అడిగే ప్రశ్నలే వాళ్లనీ అడిగారు. పని విసుగ్గా ఉంటుందా, తొందర పెడుతుందా, ఒంటరిగా అనిపిస్తుందా, వారానికి ఎన్ని గంటలు... ఇలాంటివి. సగటున వారానికి 77 గంటలు తేలింది. 1974లో అది పుస్తకంగా వచ్చింది. మన దేశంలో 1970లలోనే దేవకీ జైన్ రాజస్థాన్, పశ్చిమ బెంగాల్ పల్లెల్లో ఇలాంటి పనే చేయించారు. "పని చేస్తున్నారా?" అని అడగడం మాని, పొద్దుటి నుంచి రాత్రిదాకా ఎవరు ఏ గంటలో ఏం చేస్తున్నారో లెక్క కట్టించారు. ఏ పనీ లేదని రాసుకున్న ఆడవాళ్ల పని అప్పుడు బయటపడింది. గేదె పక్కన కూర్చుని నేనడిగిన ప్రశ్న నా సొంతం అనుకుని మురిసిపోయాను గానీ, నాకన్నా ముందే అడిగిన తల్లులున్నారన్నమాట. ఇప్పుడు ప్రభుత్వమే ఈ లెక్క తీస్తోంది. 2024 కాల వినియోగ సర్వేలో, జీతంలేని ఇంటిపని చేసేవాళ్లను మాత్రమే లెక్కలోకి తీసుకుంటే, ఆ పని మీద ఆడవాళ్లు రోజుకు సగటున 289 నిమిషాలు పెడుతుంటే మగవాళ్లు పెడుతున్నది 88 నిమిషాలు.

సరే, ఇదంతా సొంత ఇంటిపని సంగతి. పరాయివాళ్ల ఇంటిపని ఇంకో సంగతి. అమెరికాలో నల్లజాతి స్త్రీలు తరతరాలుగా తెల్లవాళ్ల ఇళ్లలో వంట చేశారు, పిల్లల్ని పెంచారు. ప్యాట్రీషియా హిల్ కాలిన్స్ అనే నల్లజాతి సమాజశాస్త్రవేత్త 1986లో ఒక వ్యాసం రాశారు. ఆ పనివాళ్లు ఇంట్లో ఉంటారు గానీ ఇంటివాళ్లు కారు, లోపల ఉన్న బయటివాళ్లు అన్నారు. యజమానులు బయట వేసుకునే వేషం కాకుండా లోపలి బతుకు వాళ్లకి కనబడుతుంది. తెల్లవాళ్లు గొప్పవాళ్లన్న భ్రమ వాళ్ల వంటింట్లో పనిచేసిన మనిషికి ఎలా మిగులుతుంది? యూనివర్సిటీలో అడుగుపెట్టిన నల్లజాతి స్త్రీ పరిస్థితీ అదేనంటారు కాలిన్స్. కుర్చీ ఇస్తారు గానీ, ఇల్లు మాత్రం ఆమెది కాదు. అయితే అక్కడ కూర్చుంటే కనిపించే సంగతులు ఇంటివాళ్లకి కనిపించవు, ఆ చూపు కూడా ఒక జ్ఞానమే అని ఆవిడ వాదన. ఆ కాలిన్సే 2009లో అమెరికా సమాజశాస్త్ర సంఘానికి అధ్యక్షురాలయ్యారు. ఆ పదవిలోకి వచ్చిన మొదటి నల్లజాతి మహిళ ఆవిడే. సంఘం పుట్టిన వందేళ్లకు!

ఇక్కడ నాకెంతో ఇష్టమైన సంగతి ఒకటి చెప్పాలి. 1896లో డబ్ల్యూ.ఇ.బి. డుబాయిస్ అనే నల్లజాతి యువకుణ్ణి ఫిలడెల్ఫియాలో నల్లవాళ్ల పేట మీద అధ్యయనం చేయమని పెన్సిల్వేనియా యూనివర్సిటీ పిలిచింది. హార్వర్డులో డాక్టరేటు పొందిన మనిషికి "అసిస్టెంట్" అని పేరు పెట్టారు. కూర్చోడానికి గది ఇవ్వలేదు. అధ్యాపకుల జాబితాలో పేరు వేయలేదు. పాఠం చెప్పే పనీ ఇవ్వలేదు. ఆయన ఆ పేటలోనే కాపురం పెట్టి, దాదాపు 2,500 ఇళ్లు తానే తిరిగారు. 1899లో "ది ఫిలడెల్ఫియా నీగ్రో" వచ్చింది. ఆ పుస్తకం చివర ఇళ్లలో పనిచేసే నల్లవాళ్ల మీద ప్రత్యేక నివేదిక ఉంది. అది రాసింది ఇసబెల్ ఈటన్ అనే మహిళ. ఆవిడ పేరు కృతజ్ఞతల్లో కాదు, అట్ట తిప్పగానే పుస్తకం పేరు అచ్చేసే మొదటి పేజీలోనే ఉంది. తన పేరు జాబితాలో లేకుండా పోవడం ఎలా ఉంటుందో తెలిసిన మనిషి ఆయన. నూటపాతికేళ్ల క్రితమే సాధ్యమైన పనిని మనవాళ్లు ఇప్పుడెందుకు చేయలేరో నాకర్థం కాదు.

మన దేశంలోనో? సర్ సి.వి. రామన్ పేరు చెప్తే మనందరికీ గర్వమే. 1933లో బొంబాయి యూనివర్సిటీలో ఫస్టున పాసైన కమలా భాగవత్, పెళ్లయ్యాక కమలా సోహోనీ, బెంగుళూరులోని సైన్సు ఇన్‌స్టిట్యూటుకు దరఖాస్తు పెట్టింది. అప్పుడు దాని డైరెక్టరు రామన్. ఆడపిల్లల్ని చేర్చుకోం అన్నారు. ఆ అమ్మాయి ఊరుకోలేదు, పట్టుబట్టి కూర్చుంది. చివరికి షరతుల మీద చేర్చుకున్నారు. ఏడాది పాటు పరీక్షాకాలం, గైడు రమ్మంటే అర్ధరాత్రయినా వచ్చి పని చేయాలి, అక్కడి మగపిల్లల ఏకాగ్రత చెడగొట్టకూడదు. మూడో షరతు చూశారా! వాళ్ల ఏకాగ్రతకి ఈమె పూచీ. ఏడాది తిరిగేసరికి ఆమె పని చూసి రామన్ మెత్తబడ్డారు, ఆ తర్వాత ఆడపిల్లల్ని చేర్చుకున్నారు. ఆమె కేంబ్రిడ్జి వెళ్లి 1939లో డాక్టరేటు తెచ్చుకుంది. ఆ కేంబ్రిడ్జి మాత్రం తక్కువ తిన్నదా? 1948 దాకా ఆడవాళ్లకి పూర్తి హక్కులతో డిగ్రీ ఇవ్వలేదు.

అన్నా మణి సంగతి వింటే ఇంకా కష్టమనిపిస్తుంది. 1940లలో ఆమె రామన్ ప్రయోగశాలలో వజ్రాలు, కెంపుల మీద పని చేసింది. ఫోటో ప్లేటు మీద వెలుగు పడాలంటే ఒక్కోసారి పదిహేను, ఇరవై గంటలు పట్టేది. రాత్రులు ల్యాబులోనే పడుకునేది. అయిదు పరిశోధన పత్రాలు రాసింది. 1945లో థీసిస్ ఇస్తే, నీకు ఎమ్మెస్సీ లేదు కాబట్టి పీహెచ్‌డీ ఇవ్వం అని మద్రాసు యూనివర్సిటీ అంది. ఆ డాక్టరేటు ఆమెకు రానే లేదు. తర్వాత ఆమె వాతావరణ శాఖలో డిప్యూటీ డైరెక్టర్ జనరల్ అయింది, ఎండనూ గాలినీ కొలిచే పరికరాలు ఈ దేశంలోనే తయారయ్యేలా చూసింది. అభా సుర్ రాసిన "డిస్పర్స్‌డ్ రేడియన్స్" (2011) అనే పుస్తకంలో ఈ కథంతా ఉంది. మన సైన్సులో కులమూ, ఆడా మగా తేడా ఎలా కలిసి పనిచేశాయో ఆమె చెప్పిన తీరు చదవాల్సిందే.

కృతజ్ఞతల పేజీలో పేరు లేకపోవడం నా కష్టం. ఆ పేజీలో పేరు రాయడానికే వీల్లేని బతుకులు కూడా ఉంటాయని, నిజం చెప్పొద్దూ, నాకు ఈ మధ్యే తట్టింది. అలీగఢ్ ముస్లిం యూనివర్సిటీలో రామచంద్ర సిరాస్ అనే మరాఠీ ప్రొఫెసరు ఉండేవారు, కవి కూడా. ఇంకొన్ని నెలల్లో రిటైరవుతారనగా, 2010 ఫిబ్రవరి 8 రాత్రి కొందరు కెమెరా పట్టుకుని ఆయన క్వార్టర్లోకి జొరబడ్డారు. ఒక మగవాడితో ఆయన ఉన్న ఏకాంతాన్ని వీడియో తీశారు. మర్నాడు యూనివర్సిటీ సస్పెండు చేసింది. జొరబడ్డవాళ్లని కాదు, ఆయన్ని! ఇష్టపడ్డ పెద్దవాళ్ల మధ్య సంబంధం నేరం కాదని ఢిల్లీ హైకోర్టు 2009లోనే చెప్పి ఉంది. 2010 ఏప్రిల్ 1న అలహాబాదు హైకోర్టు సస్పెన్షను ఆపేసింది. ఏప్రిల్ 7న ఆయన తన అద్దె ఇంట్లో శవమై కనిపించారు. సుప్రీంకోర్టు 377 సెక్షను నుంచి అలాంటివాళ్లకి విముక్తి ఇచ్చింది 2018 సెప్టెంబరు 6న.

మా వీధిలో ఈ మాట ఎత్తితే "ఇలాంటివి ఆడవాళ్ల పేజీలో ఎందుకమ్మా?" అంటారని తెలుసు. ఎందుకంటే, యూనివర్సిటీకి కావలసిన ఇల్లు ఒకటే రకం. వేళకి భోజనం పంపి, కంటికి కనిపించకుండా ఉండే ఇల్లు. ఆ రకం ఇల్లున్న మగవాణ్ణి నీ ఇంట్లో ఏం జరుగుతోంది అని ఎవరూ అడగరు. ఆ ఇల్లు లేనివాడి తలుపు బద్దలుకొడతారు. ఆడపిల్లల హాస్టలు గేటుకి పొద్దువాలకుండానే తాళం వేసే బుద్ధీ ఇదే. మగపిల్లల హాస్టలుకి ఆ తాళం ఉండదు, వాళ్లు రాత్రి లైబ్రరీలో చదువుకుంటారు. 2015లో ఢిల్లీలో ఆడపిల్లలు "పింజ్రా తోడ్" అంటూ ఈ తాళాల మీదే రోడ్డెక్కారు. చదువుకునే గంటల్ని గేటు దగ్గరే కోసేసి, తర్వాత మార్కుల్లో పోటీ పడమంటే ఎలా?

ఇంతవరకూ రాసి, కాఫీ కలుపుకుందామని లేచాను. వంటింట్లో అంట్లు తోముతున్న మనిషిని చూశాక కాసేపు కలం ముందుకు కదల్లేదు.

మూడేళ్ల క్రితం ఒక వారపత్రిక ఉగాది కథల పోటీలో నాకు కన్సొలేషన్ బహుమతి వచ్చింది. ఆ కథ ఈవిడదే. ఆమె అత్తగారింట్లో పడ్డ పాట్లు, రెండో కాన్పు తర్వాత మూడో వారానికే పనిలోకి దిగడం అన్నీ ఆమె అంట్లు తోముతూ చెప్పినవే. "వండేవాళ్లకి ఆకలెయ్యదనుకుంటారమ్మా అందరూ" అన్న వాక్యాన్ని మెచ్చుకుంటూ పాఠకులు ఉత్తరాలు రాశారు. ఆ వాక్యం ఆమెది. బహుమతి డబ్బుల్లో ఆమెకో చీర కొన్నాను. ఆ చీర కొన్నందుకు నా గురించి నేను గొప్పగా అనుకున్నాను కూడా. మావారు నాకు ఒక లైను రాశారు. నేను ఈమెకు ఆ లైనైనా రాయలేదు.

ఆమె మాదిగపల్లె నుంచి వస్తుంది. నేనూ ఆమే ఆడవాళ్లమే, ఇద్దరి కష్టమూ ఒకటే అని నా కథలో ఒక పాత్ర చేత అనిపించాను కూడా. ఒకటి కాదు. దళిత స్త్రీలు వేరుగా మాట్లాడుతున్నారని గోపాల్ గురు 1995లోనే రాశారు. మన తెలుగులో గోగు శ్యామల 2003లో దళిత స్త్రీల రచనలన్నీ ఏరి "నల్లపొద్దు" తెచ్చారు. వాళ్ల కథలు వాళ్లే రాసుకోగలరని ఆ సంకలనం చూస్తే తెలుస్తుంది, మధ్యలో నాలాంటి రాయసగత్తెతో పని లేదు. అమెరికాలో రేసు గురించి కాలిన్స్ చెప్పింది చదివి తలూపిన నేను, నా వంటింట్లో ఉన్న "లోపలి బయటి మనిషి"కి వేరే గ్లాసు పెట్టిన ఇంట్లో పెరిగినదాన్ని. ఇప్పుడు వేరే గ్లాసు లేదు. కానీ కథలో నా పేరే ఉంది.

ఈ వ్యాసంలో నీ పేరు రాస్తాను అంటే ఆమె "పేపర్లో వద్దమ్మా, మా వాళ్లు చూస్తే గొడవ" అంది. కాస్త ఆగి, "మా పాపకి ఇంగ్లీషు చెప్పు, అది రాసుకుంటుందిలే" అంది. సోమవారం నుంచి పాప వస్తోంది.

మా అన్నయ్య కూతురు హైదరాబాదులో పీహెచ్‌డీ చేస్తోంది. 2014-15లో దేశం మొత్తం మీద పీహెచ్‌డీలో ఉన్న ఆడపిల్లలు 48 వేలు, 2021-22కి లక్షకు దగ్గరయ్యారు. మా పిల్ల ఆ లక్షలో ఒకతె. ఒక పెద్దాయన దానితో "పెళ్లి చేసుకుంటావా, థీసిస్ పూర్తి చేస్తావా, ముందే చెప్పమ్మా, సీటు వృథా కాకూడదు" అన్నారట. పక్కనే ఉన్న అబ్బాయికి అప్పటికే నిశ్చితార్థం అయింది, అతన్ని మాత్రం ఏమీ అడగలేదు. పైగా "ఇక నీకు తిండి ఇబ్బంది తీరుతుందిలే" అని నవ్వారట. ఫోన్లో చెప్తూ అది ఏడ్చింది. "ఇరవై ఏడొచ్చాయి, ఇంకెప్పుడు అని ఇంట్లో నాన్న, ఇక్కడ ఈయన. నేనెక్కడికి పోవాలి అత్తయ్యా?" అంది.

నాకు తెలిసినవి రెండు చెప్పాను. యూజీసీ 2022 నిబంధనల ప్రకారం పీహెచ్‌డీ చేసే ఆడవాళ్లకి గరిష్ఠ గడువు మీద రెండేళ్లు ఎక్కువిస్తారు, 240 రోజుల వరకు ప్రసూతి సెలవో పిల్లల సంరక్షణ సెలవో తీసుకోవచ్చు. అది ఎవరి దయాధర్మమూ కాదు, ఆ కాగితం దగ్గర పెట్టుకో అన్నాను. రెండోది అన్నా జూలియా కూపర్ కథ. బానిస తల్లికి పుట్టిన పిల్ల. బడిలో మగపిల్లలకి గ్రీకు, ఆడపిల్లలకి తేలిక చదువు అంటే, నాకూ గ్రీకు కావాలని కొట్లాడింది. పెళ్లయిన రెండేళ్లకే భర్త పోయాడు. టీచరయింది. కొలంబియా యూనివర్సిటీలో డాక్టరేటు మొదలుపెట్టిన కొత్తలోనే, 1915లో, తల్లిలేని అయిదుగురు పిల్లలు ఆమె ఇంటికొచ్చారు. వాళ్లందర్నీ పెంచింది. 1925లో పారిస్ యూనివర్సిటీ నుంచి డాక్టరేటు తెచ్చుకుంది. అప్పటికి ఆమెకి 66 ఏళ్లు.

"అంటే అరవై ఆరు దాకా ఆగమంటావా?" అంది మా పిల్ల, ఏడుపు మధ్యలో నవ్వుతూ. కాదే పిచ్చిదానా, అలా ఆగే గతి ఇంకెవరికీ పట్టకూడదనే చెప్తున్నాను అన్నాను. అది వింటోందో లేదో, ముక్కు చీదుకున్న చప్పుడు వినిపించింది. మా అన్నయ్యకి నేను వేరే ఫోను చేశాను. ఆ సంభాషణ ఇక్కడ రాయదగ్గది కాదు.

నిన్న రాత్రి భోజనాలయ్యాక ప్రూఫుల కట్టలోంచి ఆ మొదటి పేజీ తీసి, వెనకవైపు నేను రాసింది మావారి ముందు పెట్టాను. నా పేరు, ఇంటిపేరుతో సహా. ఎన్ని ఫారాలు నింపానో, ఏ ప్రశ్నను ఎలా మార్చానో, అంకెలు ఎవరు ఎక్కించారో రాశాను. ఆ ఊళ్ల ఆడవాళ్ల పేర్లు కూడా వేయాలనుకున్నాను గానీ, సమాచారం ఇచ్చినవాళ్ల పేర్లు బయటపెట్టకూడదన్నది పరిశోధనలో నియమమట. అది సబబే అనిపించి ఊళ్ల పేర్లు మాత్రం రాశాను.

ఆయన కళ్లజోడు పెట్టుకుని రెండుసార్లు చదివారు.

"ఇంత పొడుగైతే బాగుంటుందా?" అన్నారు.

"గైడుగారికి నాలుగు లైన్లున్నాయి కదండీ."

కాసేపు మాట్లాడలేదు. "రెండొందల పన్నెండా? నూటయాభై ఉంటాయనుకున్నానే నేను" అన్నారు చివరికి.

"ఫారాలు అటక మీద ఉన్నాయి. నా దస్తూరీ మీకు తెలుసుగా, లెక్కపెట్టుకోండి."

ఊరికే అన్నాను. ఆయన నిజంగానే లేచి, స్టూలు వేసుకుని అటక ఎక్కారు. దుమ్ముకి తుమ్ముతూ ఒక్కో కట్టా కిందకి అందించారు. మా చిన్నవాడు "ఏంటి నాన్నా ఇవి?" అంటూ ఒక ఫారం లాక్కుని, "ఇది అమ్మ రాసిందే" అన్నాడు.